మూత తెరిస్తే మర ఆగాలి

(రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో కుండ్లీ పారిశ్రామిక ప్రాంతపు తెలుగు కార్మికుల పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో సాధారణముగా వేతన సంఘముల గూర్చి, పింఛను గూర్చి ప్రసంగములు జరుగుతాయని విన్నాము. మా పనిని గూర్చి చెప్పవలసినదిగా మీరు కోరినప్పుడు కొంత తటపటాయించినాము. ఎందుకనగా మా పనికి తెలుగులో పేరు లేదు. యంత్రము అమ్మిన వారి కాగితములలో మమ్ము ‘డ్రై బ్లెండింగ్ ఆపరేటర్లు’ అన్నారు. కార్ఖానాలో ‘మిక్సర్‌వాలా’ అని పిలుస్తారు. హాజరు పట్టీలో మాత్రము ‘హెల్పర్’ అని ఉంటుంది. మనిషి ఒక్కడే, పేర్లు మూడు. జీతము మూడవ పేరు మీద వస్తుంది. సరుకు చెడినప్పుడు సంజాయిషీ మొదటి పేరు మీద అడుగుతారు.

మేము అయిదుగురము. ఇద్దరిది శ్రీకాకుళం జిల్లా, ఇద్దరిది పల్నాడు, ఒకరిది మహబూబ్‌నగర్. ఈ మాటలు చదువుతున్నది ఒకరే అయినను అందరమూ కూర్చుని వ్రాసుకొన్నవి గనుక ‘మేము’ అనియే చెబుతాము.

ఢిల్లీ ఉత్తరపు పొలిమేర దాటగానే, 44వ నంబరు జాతీయ రహదారి వెంట, హర్యానాలోని సోనీపత్ జిల్లాలో కుండ్లీ ఉన్నది. 2020 నవంబరు నుండి ఏడాదికి పైగా రైతులు సింఘూ సరిహద్దులో కూర్చున్నప్పుడు ఆ పేరు మీరు పత్రికలలో చదివియుంటారు. పొడి సరుకులు కలిపే పని అక్కడ ఒక్కచోటనే ఉన్నదని కాదు. ఫరీదాబాద్, సాహిబాబాద్, నోయిడా, నరేలా, బవానా, ఎక్కడ చూచినా ఉన్నది. 1996లో సుప్రీంకోర్టు 168 ప్రమాదకర పరిశ్రమలను ఢిల్లీ నగరములో మూసివేయించిన తరువాత, ఇండ్ల మధ్యనున్న కార్ఖానాలను తరలించుటకు బవానా, నరేలాలలో స్థలములు ఇచ్చినారు. మసాలాలు, బిస్కట్ల పిండి, పాల పొడి, మాత్రలకు వాడే మందు పొడులు, బట్టల సబ్బు పొడి, రంగులు, గచ్చుపలకలు అతికే సున్నపు పొడి, ఇవన్నియు ఎవరో ఒకరు తూచి, పోసి, కలిపితే తయారైనవే. మాకు తెలిసినది మసాలాల పని గనుక దానినే చెబుతాము.

మా సరుకు మీ చేతుల మీదుగానే వస్తుందని చెప్పవచ్చును. గుంటూరు మిర్చి, నిజామాబాదు పసుపు, రాజస్థాన్‌లోని రాంగంజ్ మండీ ధనియాలు, గుజరాత్‌లోని ఊంఝా జీలకర్ర, ఇవన్నియు ఢిల్లీలో ఖారీ బావలీ బజారుకు చేరి, అచ్చటి నుండి మా వంటి కార్ఖానాలకు వస్తాయి. 2020 జూలైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చితో మొట్టమొదటి ప్రత్యేక పార్శిల్ రైలు నడిచినప్పుడు, ఆ బస్తాలు ఎత్తిన హమాలీలు, రైలు నడిపిన సోదరులు ఎంత దగ్గినారో మాకు తెలియును. మేము ఆ దగ్గుతోనే పని చేస్తాము.

ఇక యంత్రము. దానిని రిబ్బన్ బ్లెండర్ అంటారు. అడుగు గుండ్రముగా ఉన్న పొడవాటి ఉక్కు తొట్టి, దాని నడుమ ఒక ఇరుసు, ఇరుసు చుట్టు మెలితిరిగిన రెండు ఇనుప పట్టీలు. వెలుపలి పట్టీ పొడిని అంచుల నుండి నడిమికి తోస్తుంది, లోపలి పట్టీ నడిమి నుండి అంచులకు తోస్తుంది. చూచుటకు నెమ్మదిగా తిరుగుతుంది. ఆ నెమ్మదియే మోసము. విసురుగా తిరిగే రంపమును చూస్తే ఎవరికైనను భయము కలుగుతుంది. దీనిని చూస్తే ఇంతలో చేయి పెట్టి తీయవచ్చుననిపిస్తుంది.

కలపడములో ఏమున్నది, మీట నొక్కితే యంత్రమే కలుపుతుంది గదా అని మమ్ము చాలామంది అడిగినారు. ఆవకాయ కలిపే ఇంట పుట్టిన వారు ఆ ప్రశ్న అడగరు. మా తొట్టిలో ధనియాల పొడి బస్తాలకొద్దీ పడుతుంది, ఇంగువ గుప్పెడు పడుతుంది. ఆ గుప్పెడును తిన్నగా తొట్టిలో వేస్తే ఒక మూల ముద్దగా నిలిచిపోయి, పది వేల పొట్లములలో కొన్నింటికి పోయి మిగిలిన వాటికి పోదు. అందుచేత ముందు ఇంగువను దానికి సమానమైన పొడితో చేతి తొట్టిలో కలిపి, దానిని మరల అంతకు అంత పొడితో కలిపి, అలా పెంచుకొంటూ పోయి, చివరకు పెద్ద తొట్టిలో వేయాలి. తొట్టిని నిండా నింపరాదు. పై పట్టీ అంచు మునిగిపోతే దాని పైనున్న పొడి కదలక నిలిచిపోతుంది. తక్కువసేపు తిప్పితే కలవదు. ఎక్కువసేపు తిప్పితే, మరల దించేటప్పుడు గొట్టము అదిరితే, కలిసినది విడిపోతుంది. నలుసులు అడుగుకు, బిరుసు గింజలు పైకి వస్తాయి. మన ఇండ్లలో ఆడవారు చేటతో చెరిగేటప్పుడు జరిగేది అదే. వారు విడదీయుటకు చేటను అదిలిస్తారు. మేము అదే అదురుకు భయపడతాము. తపాలా సార్టింగు సోదరులకు ఒక మాట: మీరు కలగాపులగముగా వచ్చిన ఉత్తరములను ఊరు వారీగా విడదీస్తారు, మేము వేరువేరు ఊళ్ళ నుండి వచ్చిన వానిని ఒకటి చేస్తాము. పని తిరగబడినదే గాని, ఒక్కటి తప్పిపోతే ఎవరి ఇంటికి చేరుతుందో తెలియదన్న భయము మాత్రము ఒక్కటే.

ఆ భయము ఊరకనే కలిగినది కాదు. 2005 ఫిబ్రవరిలో ఇంగ్లండులో వందలాది ఆహార పదార్థములను దుకాణముల నుండి వెనుకకు తీసుకొన్నారు. కారణము మన దేశము నుండి వెళ్ళిన కారములో సుడాన్ అనే రంగు. ఆ కారము ఒక సాస్‌లో కలిసినది, ఆ సాస్ ఇతర పదార్థములన్నింటిలో కలిసినది. ఆ రంగు కలిపినది కలిపే మరవాడని ఎవరూ అనలేదు. కాని ఒక్క తొట్టిలో పడినది ఎంత దూరము పోగలదో అప్పుడు లోకమునకు తెలిసినది.

ఇక మేము చెప్పవచ్చిన ముఖ్య విషయము.

ఆ తొట్టికి మూత ఉంటుంది. మూత క్రింద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. మూత లేస్తే స్విచ్చి లేస్తుంది, కరెంటు తెగుతుంది, మర ఆగుతుంది. దానిని ఇంటర్‌లాక్ అంటారు. ఈ మాట మీకు మేము వివరించనక్కరలేదు. 1856లో ఇంగ్లండులో సాక్స్‌బీ అనునతడు పాయింట్లను సిగ్నళ్ళను ఒకదానితో ఒకటి బిగించి పేటెంటు పొందిన నాటి నుండి, ఒక దారికి సిగ్నలు ఇచ్చిన తరువాత ఆ దారికి అడ్డము వచ్చే లీవరును మీరు బలముతో లాగినా రాదు. మనిషి నిద్రమత్తులో ఉండవచ్చును, ఇంటి బెంగతో ఉండవచ్చును. లీవరు మాత్రము మేల్కొనియుంటుంది. ఆ వ్యవస్థలో వేలు పెడితే ఏమవుతుందో కూడ మీకు తెలియును. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి పోయి, నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించినారు. సిగ్నల్ సర్క్యూట్ల మార్పులో జరిగిన లోపములను రైల్వే భద్రతా కమిషనర్ విచారణ ఎత్తి చూపినది.

మా మర స్విచ్చిని ఒక ఇనుప తీగతో క్రిందికి కట్టివేసియుంచినారు. మూత తెరిచినా మర తిరుగుతూనే ఉండేది.

‘కట్టివేసియుంచినారు’ అని వ్రాసుకొన్నాము గాని, నిజము చెప్పవలెనంటే కట్టినది మేమే. యజమాని కట్టలేదు, గుత్తేదారు కట్టలేదు. సూపర్‌వైజరు చూచినాడు, చూడనట్లు పోయినాడు. మేము కట్టినాము. ఈ వాక్యము ఇక్కడ చదువుదామా వద్దా అని మా అయిదుగురి మధ్య రెండు రాత్రులు వాదము జరిగినది.

మూడు సంవత్సరముల క్రిందట చలికాలములో ఒక రాత్రి షిఫ్టున, బిహార్‌లోని మధుబని జిల్లా యువకుడు ఒకడు తొట్టి మూలలో అంటుకొన్న పొడిని రేకుతో గీకుతుండగా అతని స్వెట్టరు చేయి పట్టీకి చిక్కినది. నెమ్మదిగా తిరిగే మర నెమ్మదిగానే లాగినది. మెయిన్ స్విచ్చి ఆపుటకు పరుగెత్తినవాడు మాలో ఒకడు. పది అడుగుల దూరము. కుడి ముంజేయి పోయినది. అతనికి అప్పుడు ఇరవై రెండు ఏండ్లు. ఈఎస్ఐ కార్డు ప్రమాదము జరిగిన తరువాత వచ్చినది. ఇది మా ఒక్కచోటి ముచ్చట కాదు. గుర్‌గావ్, ఫరీదాబాద్ ప్రాంతములలో మోటారు విడిభాగముల కార్ఖానాలలో చేతులు, వేళ్ళు పోగొట్టుకొన్న వారిని గూర్చి సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుండి వెలువరించుచున్న ‘క్రష్డ్’ నివేదికలలో, చాలామందికి కార్డు ప్రమాదము తరువాతనే అందినదని వ్రాసినారు.

విచారణ జరిగినది. కార్మికుని అజాగ్రత్త అని వ్రాసి సంతకము చేయించినారు. తీగ ఎవరు కట్టినారని అడిగినారు. ఎవరమూ పలుకలేదు. తీగ ఎందుకు కట్టినారని మాత్రము ఎవరూ అడగలేదు.

అడగని ఆ ప్రశ్నకు మేము ఒక ఆదివారము కూర్చుని లెక్క వేసికొన్నాము. పాత క్యాలెండరు వెనుక వేసిన లెక్క ఇది. మా షిఫ్టు 8 గంటలు, అనగా 480 నిమిషములు. మాకు నిర్ణయించిన పని షిఫ్టుకు 18 తొట్లు. ఒక్కొక్క తొట్టి 300 కిలోలు. ఇద్దరు మనుషులు బస్తాలు ఎత్తి పోయుటకు 10 నిమిషములు, కలుపుటకు 10, మూలలు గీకి నమూనా తీయుటకు 3, దించుటకు 4. మొత్తము 27. పద్దెనిమిది తొట్లకు 486 నిమిషములు. అంటే మర తిరుగుతుండగానే గీకినా సరే, అన్నము తినకపోయినా సరే, మంచినీళ్ళు త్రాగకపోయినా సరే, ఇంకను 6 నిమిషములు తక్కువ. ఇక తీగ విప్పి, మర పూర్తిగా ఆగువరకు నిలిచి, మెయిన్ ఆపి, తాళము వేసి, గీకి, మరల నడిపితే తొట్టికి ఇంకొక 4 నిమిషములు చేరి 31 అవుతుంది. చట్ట ప్రకారము అరగంట విరామము తీసివేస్తే మిగిలినది 450 నిమిషములు. అందులో పట్టేది 14 తొట్లు.

పద్దెనిమిదికి పద్నాలుగుకు తేడా నాలుగు. ఆ నాలుగు తొట్లు, రోజుకు 1,200 కిలోలు, ఆ తీగ మీదనే నడిచినవి. (ఇంకొక లెక్క కూడ మాలో ఒకరు వేసినారు. 18 తొట్లంటే 5,400 కిలోలు. మీ బీసీఎన్ వ్యాగనులో సుమారు 60 టన్నులు పడుతుందనుకొంటే, పదకొండు షిఫ్టులలో ఇద్దరు మనుషులు చేతులతో ఒక వ్యాగనును ఎత్తి పోస్తున్నారు. ఈ లెక్క వినిన తరువాత మాకు నడుము నొప్పి ఎక్కువైనది.)

ఆ తరువాత మేము చేసినది మీ వద్ద నేర్చినదే. నిబంధనల ప్రకారము పని అనే ఆయుధమును రైల్వే కార్మికులు ఎన్నిమార్లు వాడినారో మా కంటె మీకు బాగుగా తెలియును. రూళ్ళ పుస్తకములో ఉన్నది ఉన్నట్లు చేస్తే బండ్లు సమయమునకు నడవవని అప్పుడు బయటపడుతుంది. మేము సమ్మె చేయలేదు. సమ్మె చేసే స్థితి మాకు లేదు. గుత్తేదారు మరునాడే వేరొకరిని తెస్తాడు. మేము తీగ విప్పినాము. యంత్రముతో వచ్చిన పుస్తకములోని శుభ్రపరచు పద్ధతిని హిందీలో వ్రాయించి గోడకు అంటించి, అక్షరము తప్పకుండ దాని ప్రకారము చేసినాము. రోజుకు 14 తొట్లు వచ్చినవి. మొదటి రోజు తిట్లు, రెండవ రోజు బెదిరింపు, నాలుగవ రోజు మాలో ఒకరిని గేటు దగ్గర నిలిపివేసినారు. అయితే మూడు షిఫ్టుల వారమూ ఒక్కమాట మీద ఉన్నాము. బిహార్ వారు, ఉత్తరప్రదేశ్ వారు, మేము. భాష వేరు గాని క్యాలెండరు వెనుకనున్న లెక్క అందరికీ అర్థమైనది. పదకొండవ రోజున పిలిచి మాట్లాడినారు. బస్తాలు ఎత్తుటకు మూడవ మనిషిని ఇచ్చినారు. పోయుట 8 నిమిషములలో అవుతున్నది. ఇప్పుడు షిఫ్టుకు 15 తొట్లు. గేటు దగ్గర నిలిపిన మా వాడు తిరిగి లోపలికి వచ్చినాడు.

ఇది విజయమని చెప్పుటకు రాలేదు. హాజరు పట్టీలో మేము నేటికీ హెల్పర్లమే. మధుబని యువకునికి ఈఎస్ఐ నుండి నెలనెలా వికలాంగ భృతి వస్తున్నది గాని, విచారణ కాగితములో ‘అజాగ్రత్త’ అనే మాట అలాగే ఉన్నది. దానిని తీయించలేకపోయినాము. తీయించవలెనంటే తీగ కట్టినది మేమని వ్రాసి ఇవ్వాలి. వ్రాసి ఇస్తామని ఇద్దరము అంటున్నాము, ముగ్గురికి పిల్లలున్నారు. ఇంకను తేలలేదు.

దుమ్ము సంగతి అసలే తేలలేదు. మరకు తీగ కనబడుతుంది, దుమ్ముకు ఏమీ కనబడదు. కారము ముక్కును కాలుస్తుంది గనుక కనీసము హెచ్చరిస్తుంది. గోధుమ పిండి, పాల పొడి, ఉల్లి పొడి, మాంసము మెత్తబరచుటకు కలిపే బొప్పాయి పాల పొడి అలా హెచ్చరించవు. ఏడాది రెండేండ్లు ఊరకుండి ఆ తరువాత ఉబ్బసము తెస్తాయి. పిండి మరల వారికి, రొట్టెలు చేయు వారికి వచ్చే ఈ దగ్గును గూర్చి ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700 నాటి గ్రంథములోనే వ్రాసినాడు. 2000లో అమెరికాలోని మిజోరీ రాష్ట్రములో జాస్పర్ అనే ఊరి పాప్‌కార్న్ కార్ఖానాలో పని చేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల గొట్టములు మూసుకుపోయే వ్యాధి వచ్చినదని బయటపడినది. వెన్న వాసన కొరకు వేసే డయాసిటైల్ ఆవిరి దానికి కారణమని పరిశోధకులు కనుగొన్నారు. ఆ ఆవిరి అందరికంటె ఎక్కువగా తగిలినది ఎవరికంటే, తొట్టి దగ్గర నిలిచి కలిపే వారికి. అదే పప్పు వాసన, వెన్న వాసన డబ్బాలు మన దేశములో కూడ తెరుస్తున్నారు. డబ్బా మీద లోపలి రసాయనము పేరు తెరిచేవానికి చదువ వచ్చే భాషలో ఉండదు.

దుమ్ము మండుతుందని కూడ మేము ఆలస్యముగా తెలిసికొన్నాము. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రములో ఒక చక్కెర శుద్ధి కార్ఖానాలో దుమ్ము అంటుకొని పేలి 14 మంది చనిపోయినారు. చక్కెర! మేము పేలుడు అంటే బాణాసంచా అనుకొన్నాము. 2018 జనవరి 20న బవానాలో బాణాసంచా ఉంచిన భవనములో అగ్ని రేగి 17 మంది, వారిలో పది మంది స్త్రీలు, మరణించినప్పుడు మా కార్ఖానాలో అందరూ విచారించినాము, మనది ఆహార పదార్థముల కార్ఖానా గనుక మనకు భయము లేదని సమాధానపడినాము. చక్కెర, పిండి, పాల పొడి, మసాలా, సన్నని దుమ్ముగా గాలిలో లేచి, మూసిన గదిలో ఒక నిప్పురవ్వ తగిలితే చాలును. దూలముల మీద పేరుకొన్న దుమ్మును చీపురుతోనో గాలి గొట్టముతోనో దులిపేటప్పుడు మేము చేస్తున్నది సరిగ్గా అదే అని అప్పుడు తెలియదు.

చట్టములో ఇవన్నియు లేవా అంటే ఉన్నవి. 1948 ఫ్యాక్టరీల చట్టము 14వ సెక్షనులో దుమ్మును పుట్టినచోటనే పీల్చివేయవలెననియు, 21వ సెక్షనులో తిరిగే భాగములకు కంచె ఉండవలెననియు, 37వ సెక్షనులో పేలే దుమ్మును గూర్చియు స్పష్టముగా ఉన్నది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి, ఆ చట్టము స్థానములో వృత్తి భద్రతా కోడ్ వచ్చినది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది ఇరవై మంది అయినది. పదిహేను మందితో మసాలా కలిపే షెడ్లు మా వీధిలోనే ఉన్నవి. భద్రతా కమిటీ ఉండవలసినది 500 మంది ఉన్న కార్ఖానాలో, ప్రమాదకర ప్రక్రియలున్నచో 250 మందికి. మా చోట డెబ్బది మందిమి. నలభై ఏండ్లు దాటిన వారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష అని ప్రభుత్వము ప్రకటించినది. మంచిదే. మా వారికి దగ్గు ఇరవై ఐదేండ్లకే మొదలవుతున్నది.

మీరు సంఘటితులు. మీకు గుర్తింపు పొందిన సంఘములున్నవి, ఆస్పత్రులున్నవి, భద్రతా విచారణకు ఒక కమిషనర్ ఉన్నాడు. మీలో కూడ కాంట్రాక్టు పని పెరుగుచున్నదని, ట్రాకు పనిలో, పార్శిల్ ఆఫీసులలో మా వంటివారు చేరుచున్నారని ఇందాకటి వక్తలు చెప్పినారు. అందుచేత మేము అడిగేది పెద్దది కాదు. మీ సిగ్నల్ విభాగము వారిలో తీరిక గలవారు ఇద్దరు ఒక ఆదివారము కుండ్లీ వచ్చి, తీగతో కట్టుటకు వీలుపడని స్విచ్చి ఎట్లుండాలో మా వారికి చూపాలి. తపాలా సోదరులు మా ఫిర్యాదులను హిందీలో, ఇంగ్లీషులో వ్రాసిపెట్టాలి. ఇన్‌స్పెక్టరుకు పంపినవి చేరినవో లేదో తెలిసే పద్ధతి మీకంటె ఎవరికి తెలియును? ఊదుడు పరీక్ష చేయగల వైద్యుడు ఎవరైనను మీ ఎరుకలో ఉంటే, నెలకు ఒక పూట మీ సంఘ కార్యాలయములో గది ఇప్పించాలి. మొదటి పూటకు మా వద్ద ముప్పది ఒక్క పేర్లు సిద్ధముగా ఉన్నవి.

విప్పిన తీగను పారవేయలేదు. జానెడు ముక్క. అధ్యక్షుల వారి బల్ల మీద కాగితములో చుట్టి ఉంచినాము, చూడగోరిన వారు చూడవచ్చును. ఇక మీరు అడగవలసినవి ఉంటే అడగండి, మాకు తెలిసినంతవరకు చెబుతాము. ఏడు గంటల బస్సుకు మాలో ఇద్దరు పోవలసియున్నది, వారికి రాత్రి షిఫ్టు.